పెట్టె ఖాళీ అయ్యేది మే నెలలో

తేనెటీగల సమూహాలు ఎందుకు నశిస్తున్నాయన్న ప్రశ్నకు ప్రపంచంలో ఇరవై ఏళ్లుగా రెండు జవాబులు పోట్లాడుకుంటున్నాయి. పూలు పోయాయి, మందులు పెరిగాయి, ఎండ ముదిరింది, కాబట్టి తప్పు పర్యావరణానిదన్నది మొదటి జవాబు. పెట్టెలు పెట్టినవాడికి పని రాదు, నల్లిని చూసుకోడు, తేనె మొత్తం పిండుకుంటాడు, కాబట్టి తప్పు పెంపకందారుడిదన్నది రెండోది. యూరప్, అమెరికాల్లో జరిగిన ఈ వాదనను తెచ్చి హైదరాబాద్ శివారు తుక్కుగూడ లాంటి చోట పెడితే రెండూ సగం సగమే సరిపోతాయి. అక్కడి లెక్కంతా చలికాలం చుట్టూ తిరుగుతుంది. మన దగ్గర సమూహం పోయే కాలం వేరు, పోయే తీరు కూడా వేరు.

తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డు అవుటర్ రింగు రోడ్డును దాటుతుంది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది. 158 కిలోమీటర్ల రింగు రోడ్డు నగరాన్ని చుట్టింది. రావిర్యాల వైపు హార్డ్‌వేర్ పార్కు, ఫ్యాబ్ సిటీ, వండర్‌లా వచ్చాయి. ఊరు మున్సిపాలిటీ అయింది. జొన్న, కంది, ఆముదం వేసిన ఎర్రచెలకల్లో హద్దురాళ్లు నిలబడ్డాయి. వెంచరు వేసి, అమ్మి, ఇల్లు కట్టకుండా వదిలేసిన ప్లాట్లలో సర్కారు తుమ్మ, గడ్డి చామంతి మొలుస్తాయి. రియల్ ఎస్టేటు భాషలో అది ఖాళీ జాగా. తేనెటీగకు మాత్రం ఈ ప్రాంతంలో మిగిలిన మంచి మేత తరచు అక్కడే దొరుకుతుంది.

ఈ నేలకు సొంతమైన తేనెటీగలు మూడు రకాలు. పెద్ద తేనెటీగ, అంటే ఎపిస్ డార్సేటా, బండల అంచులకూ ఎత్తైన చెట్లకూ నీళ్ల ట్యాంకులకూ ఒకే పెద్ద పట్టు పెడుతుంది. ఎపిస్ సెరానా చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, రాళ్ల సందుల్లో చీకటి చూసుకుని అనేక పట్లు కట్టుకుంటుంది. అరచేయంత పట్టును పొద కొమ్మకు చుట్టే చిన్న తేనెటీగ ఎపిస్ ఫ్లోరియా. వీటిలో పెట్టెకు అలవాటు పడేది సెరానా ఒక్కటే. నాలుగోది బయటి నుంచి వచ్చిన ఎపిస్ మెల్లిఫెరా. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.ఎస్. అత్వాల్ బృందం 1960ల మొదట్లో కాంగ్రా లోయలోని నగ్రోటా బగ్వాన్‌లో దాన్ని ఈ దేశంలో నిలబెట్టింది. ఇప్పుడు తేనెటీగల పెంపకం అని ఎవరన్నా ఎక్కువగా ఉద్దేశించేది దీన్నే. సెరానా పెట్టె ఏడాదికి ఐదారు కిలోల తేనె ఇస్తే, మంచి మేత ఉన్న చోట మెల్లిఫెరా 25, 30 కిలోలు ఇస్తుంది. డబ్బు లెక్క వేసేవాడు ఎటు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు.

నష్టం లెక్కలోనే ఒక తిరకాసుంది. పది పెట్టెలున్నవాడికి నాలుగు పోయాయనుకుందాం. పూలు దండిగా ఉన్న నెలల్లో మిగిలిన ఆరింటిని విడగొట్టి, కొత్త రాణులను తయారుచేసుకుంటే మళ్లీ పది అవుతాయి. ఏడాది చివర లెక్కపెట్టినవాడికి నష్టం కనపడదు. ప్రపంచంలో పెంపకపు సమూహాలు 1961 తర్వాతి సుమారు అర్ధ శతాబ్దంలో 45 శాతం దాకా పెరిగాయని మార్సెలో ఐజెన్, లారెన్స్ హార్డర్ 2009లో చూపించారు. అదే కాలంలో అమెరికాలోనూ యూరప్‌లో చాలా దేశాల్లోనూ తగ్గాయి. కాబట్టి 'తేనెటీగలు అంతరించిపోతున్నాయి' అనే వాక్యం పెట్టెల్లోని మెల్లిఫెరాకు వర్తించదు. దానికి జరుగుతున్నది ఏటా భారీగా చావడం, ఏటా భారీ ఖర్చుతో తిరిగి నింపుకోవడం. అసలు తగ్గుదల ఏదైనా జరుగుతుంటే అది యజమాని లేని ఈగలది. పట్టు ఖాళీ అయితే ఎవరికీ జేబుకు చిల్లు పడదు కనుక దాన్ని ఎవరూ లెక్క రాయరు.

బయటి చరిత్ర కొంత చెప్పుకోవాలి. 2006 నవంబరులో డేవ్ హాకెన్‌బర్గ్ అనే పెన్సిల్వేనియా పెంపకందారుడు ఫ్లోరిడాలో పెట్టిన తన పెట్టెలు తెరిచి చూస్తే, తేనె ఉంది, పిల్లలున్నాయి, రాణి ఉంది, పెద్ద ఈగలు మాత్రం లేవు. చచ్చిన ఈగలు కూడా చుట్టుపక్కల పడి లేవు. ఆ తర్వాత పురుగుమందులు, వైరస్‌లు, నొసీమా అనే పేగు పరాన్నజీవి, ఆకలి, దూరప్రయాణాలు అన్నిటి మీదా పరిశోధనలు సాగాయి. ఒక్క దోషి దొరకలేదు. యూరప్‌లో 17 దేశాలు కలిసి 2012 నుంచి 2014 వరకు ఎపిలోబీ పేరుతో సర్వే చేశాయి. పశువైద్య సిబ్బంది స్వయంగా పెట్టెల దగ్గరికి వెళ్లి చూసిన సర్వే అది, అందుకే నాకు దానిమీద నమ్మకం ఎక్కువ. దేశాన్ని బట్టి చలికాలపు నష్టం మూడు శాతం నుంచి ముప్పై శాతం పైదాకా ఉంది. 2017లో వచ్చిన విశ్లేషణలో తేలిన ముఖ్యమైన సంగతి: తక్కువ పెట్టెలతో, తక్కువ అనుభవంతో సరదాకు పెంచేవాళ్ల నష్టం, వృత్తిగా పెంచేవాళ్ల నష్టానికి రెట్టింపు. ఒకే దేశపు పూలు, ఒకే వాతావరణం, ఫలితం మాత్రం సగానికి సగం తేడా.

అయితే అనుభవమే అంతా కాపాడుతుందనుకుంటే, అమెరికాలో 2024-25లో జరిగింది అడ్డొస్తుంది. ఈసారి దెబ్బ తిన్నది ఆరితేరిన వ్యాపార పెంపకందారులు. సగటున 60 శాతానికి పైగా సమూహాలు పోయాయి. అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు వరోవా నల్లి మోసుకొచ్చే వైరస్‌లను ప్రధాన కారణంగా చూపించారు. పరీక్షించిన నల్లుల్లో దాదాపు అన్నిటికీ అమిట్రాజ్ అనే మందును తట్టుకునే జన్యు గుర్తు ఉంది. అందరూ అదే మందును ఏళ్ల తరబడి వాడారు. పద్ధతిని బాగా పాటించడం వల్లే ఆ పద్ధతి పనికిరాకుండా పోయింది.

ఇప్పుడు మన క్యాలెండరు. దక్కన్‌లో చలికాలం ఈగకు పండుగే. సెప్టెంబరు, అక్టోబరులో రేగు పూస్తుంది, బతుకమ్మ వేళకు చెలకల్లో తంగేడు, గునుగు పుప్పొడి ఇస్తాయి. తర్వాత కంది, కుసుమ, ధనియాలు. సంక్రాంతి దాటగానే మామిడి పూత. ఫిబ్రవరిలో బూరుగ, మోదుగ. వేప, కానుగ పూసేదాకా, అంటే ఏప్రిల్ దాకా, పెట్టెలో పని ఆగదు. ఆ తర్వాత కథ మారుతుంది. మే నెలలో చింత, సర్కారు తుమ్మ తప్ప చెప్పుకోదగ్గ మేత ఉండదు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. జూన్‌లో వాన మొదలయ్యాక పది పదిహేను రోజులు ఊపిరి పీల్చుకోవచ్చనిపిస్తుంది. కానీ జులై, ఆగస్టుల్లో ముసురు పడితే ఈగ బయటికి వెళ్లలేదు, వెళ్లినా పూలలో మకరందం పలచబడి ఉంటుంది. ఈ నాలుగైదు నెలల పూల కరువే మన సమూహాల చావు కాలం. యూరప్ పుస్తకం చదివి అక్టోబరులో పెట్టెను 'చలికాలానికి సిద్ధం' చేసేవాడు ఇక్కడ ఆరు నెలలు తప్పుగా ఉన్నట్టే.

మన ఈగ ఆ కరువును ఎదుర్కొనే పద్ధతి కూడా వేరు. మెల్లిఫెరా నిల్వ తేనె తింటూ పెట్టెలో కూర్చునే చలిదేశపు జాతి. సెరానా కూర్చోదు, లేచిపోతుంది. తిండి తగ్గినా, చీమలు ఎక్కినా, మైనపు పురుగు పట్టునంతా జల్లెడ చేసినా, ఎండ నేరుగా పడినా రాణితో సహా సమూహమంతా పెట్టె వదిలి వెళ్తుంది. పెద్ద తేనెటీగ ఇంకో అడుగు ముందుంది. పూలను వెంబడిస్తూ ఏటా ఊళ్లు మారడం దాని బతుకు పద్ధతి. అందుకే వానలయ్యాక కట్టడాలకు పట్లు వేలాడటం, ఎండలు ముదిరాక అవి ఖాళీగా మిగలడం చూస్తాం. ఖాళీ పెట్టెను చూసి 'చచ్చాయి' అని రాసుకునే లెక్క, వెళ్లిపోయినవాటినీ చావు కిందే కలిపేస్తుంది. వెళ్లిపోయిన సమూహం ఎక్కడో తొర్రలో బతికుండవచ్చు. తొర్ర దొరికితే.

తొర్ర దొరకడం దగ్గరే తుక్కుగూడ పరిసరాల ప్రశ్న మొదలవుతుంది. ఇబ్రహీంపట్నం, మహేశ్వరం వైపు నేల గ్రానైటు గుట్టలది. బండల పగుళ్లు సెరానాకు ఇళ్లు, బండల చూరులు పెద్ద తేనెటీగకు ఇళ్లు. కంకర క్రషర్లకూ ప్లాట్ల చదునుకూ ముందుగా పోయేవి ఆ గుట్టలే. వాటితోపాటు పొలం గట్టు మీది ముసలి వేపలు, చింతలు పోతాయి. వాటి బదులు నాటేదేమిటో చూడండి. హరితహారం 2015లో మొదలయ్యాక కోట్ల మొక్కలు నాటారు, మంచి పనే. కానీ రోడ్ల పక్కన, వెంచర్ల గేట్ల దగ్గర కోనోకార్పస్, బోగన్‌విలియా వరుసలు ఈగకు దాదాపు ఏమీ పెట్టవు. కోనోకార్పస్‌ను నాటొద్దని ప్రభుత్వమే తర్వాత చెప్పాల్సివచ్చింది. అదే చోట కానుగ, నేరేడు, వేప పెడితే నీడకు నీడ, మేతకు మేత.

సెరానా మేతకు ఎగిరే దూరం సుమారు ఒక కిలోమీటరు. పెట్టె చుట్టూ ఒక కిలోమీటరు గుండ్రంగా గీస్తే దాదాపు 775 ఎకరాలు. మెల్లిఫెరా మూడు కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే దాదాపు 7,000 ఎకరాలు. రింగు రోడ్డు పక్కన పెట్టిన పెట్టెకు ఆ 775 ఎకరాల్లో ఎంత భాగం తారు, సిమెంటు, కోసేసిన లాన్ అన్నది లెక్క వేస్తే ఈగ పెంపకం సాధ్యమా కాదా సగం తెలిసిపోతుంది. ఈ చిన్న లెక్క చేయకుండానే చాలామంది పెట్టెలు కొంటారు.

రోడ్డు ఈగను ఇంకో విధంగానూ దెబ్బతీస్తుంది. బెంగళూరులో గీతా తిమ్మేగౌడ, షానన్ ఓల్సన్ బృందం పెద్ద తేనెటీగలను పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. గాలి మురికిగా ఉన్న చోట్ల పట్టిన ఈగల్లో 80 శాతానికి పైగా ఒక రోజులోపే చనిపోయాయి. వాటి ఒంటిమీద లోహపు రేణువులున్నాయి, గుండె కొట్టుకునే తీరు మారింది, పూల మీద వాలడం తగ్గింది. పట్టు ఒక్కసారిగా కూలిపోదు. కూలి ఈగల ఆయువు తగ్గుతుంది, మేత తెచ్చేవాళ్లు తక్కువవుతారు. లారీలు, టిప్పర్లు తిరిగే రోడ్ల పక్కన పూచిన పూలను లెక్కలో వేసుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

పొలాల సంగతికొస్తే, తెలంగాణ అంటే పత్తి. నలభై లక్షల ఎకరాలకు తగ్గని పంట. బీటీ పత్తిలోని విషమే ఈగల్ని చంపుతోందని ఊళ్లలో వినిపిస్తుంది. ఇంతవరకు జరిగిన పరీక్షలు తేనెటీగకు దానివల్ల హాని చూపలేదు. అనుమానించాల్సింది విత్తనానికి పూసిన ఇమిడాక్లోప్రిడ్‌నూ, అంతకంటే ఎక్కువగా, పచ్చదోమకూ తెల్లదోమకూ గులాబీ పురుగుకూ వరసగా కొట్టే పిచికారీలనూ. పత్తికి ఆకుల అడుగున కూడా మకరందపు గ్రంథులుంటాయి. పూత లేనప్పుడు కూడా ఈగ ఆ చేనుకు వెళ్తుంది. 'పూత మీద కొట్టకండి' అన్న సలహా పత్తిలో అందుకే సగమే పనిచేస్తుంది. యూరప్ 2018లో ఇమిడాక్లోప్రిడ్‌తో కలిపి మూడు నియోనికోటినాయిడ్ పురుగుమందులను ఆరుబయట వాడకుండా నిషేధించింది. మన దగ్గర అవి మామూలు దుకాణపు సరుకు.

కలుపు మందు మాట తక్కువగా వినిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఈ ప్రాంతపు ఈగలకు అదే పెద్ద దెబ్బ. గ్లైఫోసేట్ ఈగ పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవుల్ని తగ్గిస్తుందని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో నాన్సీ మోరాన్ బృందం 2018లో చూపించింది. అంత దూరం పోనక్కర్లేదు. గట్టు మీది గునుగు, గడ్డి చామంతి మాడిపోతే ఆగస్టు, సెప్టెంబరులో పిల్లలకు పెట్టే పుప్పొడి ఎక్కడిది? బతుకమ్మకు గునుగు మార్కెట్లో కొనాల్సి వస్తోందని ఆడవాళ్లు అనడం విన్నవాళ్లకు ఈగ కష్టం విడిగా వివరించక్కర్లేదు. రాష్ట్రం 2018లోనే ఆ మందు అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. 2022లో కేంద్రం చీడల నియంత్రణ సంస్థల ద్వారానే వాడాలంది. కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనాలు దొంగచాటుగా దొరుకుతున్నంతకాలం ఆ ఆదేశాలకు పట్టు తక్కువ.

పొద్దుతిరుగుడు పోవడం ఇంకో నష్టం. 2005 ప్రాంతంలో దేశంలో 20 లక్షల హెక్టార్లకు పైగా ఉన్న ఈ పంట పదో వంతుకు దగ్గరగా పడిపోయింది. దిగుమతి నూనె, నెక్రోసిస్ తెగులు, పిట్టల బెడద. మాఘ ఫాల్గుణాల్లో పెట్టెలను నింపి వేసవికి నిల్వ ఇచ్చిన పంట అది. దాన్ని నమ్ముకుని పెట్టెలు తిప్పినవాళ్లు ఇప్పుడు ఇంకా దూరం వెళ్లాలి. దూరం వెళ్తే లారీ ఖర్చుతోపాటు జబ్బులు కూడా ఎక్కుతాయి.

జబ్బుల్లో మన గుండెకు తగిలింది థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. 1976లో థాయ్‌లాండ్‌లో గుర్తించారు. 1978లో మేఘాలయలో కనిపించింది. 1991-92లో దక్షిణాదిని ఊడ్చేసింది. కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లో సెరానా సమూహాల్లో 90 శాతానికి పైగా పోయాయన్నది తరచు చెప్పే అంచనా. లార్వా నీళ్ల సంచిలా ఉబ్బి గదిలోనే చస్తుంది. మందు లేదు. పెట్టెలు కొని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించే అలవాటు దాన్ని ఎంత వేగంగా మోసిందో ఆ రెండేళ్లు చూపించాయి. తర్వాత సెరానా దానంతట అది కోలుకుంది, అదీ కొన్నిచోట్లే. ఈలోగా ఖాళీ అయిన జాగాలోకి మెల్లిఫెరా వచ్చింది.

నల్లుల కథ ఇందుకు వ్యతిరేకం. వరోవా పుట్టింది సెరానా మీదే. సెరానా కూలి ఈగలు ఒకదాని ఒంటిమీది నల్లిని ఇంకొకటి దులిపేస్తాయి. ఆ నల్లి పోతుటీగల గదుల్లోనే పిల్లల్ని పెట్టగలదు. మెల్లిఫెరాకు ఆ విద్య లేదు. ఇంకో నల్లి, ట్రోపిలీలాప్స్, పెద్ద తేనెటీగ మీది నుంచి మెల్లిఫెరాకు ఎక్కింది. పిల్లలు లేకుండా అది కొద్ది రోజులకు మించి బతకలేదు. పెద్ద తేనెటీగ ఊరు మారినప్పుడు పిల్లల పట్టును వదిలేస్తుంది, నల్లి అక్కడే చస్తుంది. మన వెచ్చని చోట మెల్లిఫెరా ఏడాది పొడుగునా పిల్లల్ని పెడుతూనే ఉంటుంది కాబట్టి నల్లికి విరామం రాదు. రాణిని మూడు వారాలు పంజరంలో ఉంచి పిల్లలకు విరామం ఇస్తే, ఏ మందూ లేకుండా ఈ నల్లి దారి మూసుకుపోతుంది. ఈ పని పూల కరువులో చేస్తే తిండి కూడా ఆదా. తెలిసి చేసేవాళ్లు ఎంతమంది? అందుకే పెంపకందారుడి చేతిలో ఏమీ లేదనే వాదన నాకు నచ్చదు.

అలాగని నేరమంతా అతని మెడకు చుట్టడమూ కుదరదు. ఖాదీ కమిషన్ 2017లో హనీ మిషన్ మొదలుపెట్టి ఒక్కొక్కరికి పది పెట్టెల చొప్పున ఇచ్చింది. కేంద్రం 2020లో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు 500 కోట్లు ప్రకటించింది. ఎపిలోబీ చెప్పినట్టు అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది తక్కువ పెట్టెల కొత్తవాడు. మన పథకాలు వెతికి వెతికి తయారుచేస్తున్నది సరిగ్గా ఆ మనిషినే. పూలున్న నవంబరులో ఐదు రోజుల శిక్షణ, ఫిబ్రవరిలో తేనె, మే నెలలో ఖాళీ పెట్టె. రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ గ్రామీణ టెక్నాలజీ పార్కు ఉంది, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది, తుక్కుగూడకు ఏవీ దూరం కావు. శిక్షణ ఇచ్చినవాళ్లు మే, జులై నెలల్లో మళ్లీ ఒకసారి పెట్టె దగ్గరికి వస్తే, పథకం లెక్కలు వేరేగా ఉంటాయి.

ఆ నెలల్లో చేయాల్సిన పనులేమీ పెద్ద విద్య కాదు. పెట్టె నీడన ఉండాలి. పిల్లల గది 34, 35 డిగ్రీల్లో ఉంచడానికి ఈగలు నీళ్లు మోసి, రెక్కలతో విసురుతాయి, కాబట్టి నీళ్లు దగ్గరుండాలి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమ ఎక్కదు. ఈగలు కప్పలేని ఖాళీ పట్లు తీసేస్తే మైనపు పురుగుకు చోటుండదు. చక్కెర పాకం సాయంత్రం పెట్టాలి, పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు దోచుకుంటాయి. అన్నిటికంటే కష్టమైనది ఏప్రిల్‌లో చివరి తేనె పిండకుండా వదిలేయడం. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్‌ఈ) 13 బ్రాండ్ల తేనె పరీక్షించి, చాలావాటిలో చక్కెర పాకం కల్తీ ఉందని బయటపెట్టింది. కల్తీ సరుకుతో ధర పడిపోయిన మార్కెట్లో ఆ చివరి రెండు కిలోలను ఈగకు వదలమని చెప్పడం తేలిక, వదలడం కష్టం. దానికి తోడు పాకానికి పంచదార కూడా కొనాల్సిందే.

సెల్ టవర్ల మాట ఎక్కడికెళ్లినా వస్తుంది. 2010లో చండీగఢ్ పరిశోధకులు కరెంట్ సైన్స్‌లో ప్రచురించిన పరిశీలన దీనికి ఊతమిచ్చింది. పెట్టెల లోపలే ఫోన్లు పెట్టి చేసిన పరీక్ష అది, నాలుగే నాలుగు సమూహాలతో. దూరాన ఉన్న టవరు గురించి దాన్నుంచి ఏమీ చెప్పలేం. 2018లో రజనీకాంత్ సినిమా '2.0' వచ్చాక పిట్టలతోపాటు ఈగల్నీ టవర్ల ఖాతాలో రాసేశారు. టవరును తిట్టడం సులువు, ఎందుకంటే అది మనది కాదు. కలుపు మందు డబ్బా మన ఇంట్లోనే ఉంటుంది.

చివరికి పెద్ద తేనెటీగ. దానికి పెట్టె లేదు, పథకం లేదు, బీమా లేదు. రింగు రోడ్డు వెంట లేచిన అపార్టుమెంట్ల బాల్కనీలు దానికి కొత్త బండ చూరులు. కుట్టే భయం నిజమే, ఒక్కసారి రేగితే ప్రాణాల మీదికి రావచ్చు. అందుకే రాత్రిపూట మందు కొట్టించి వేల ఈగల్ని ఊడ్చి పారేస్తారు. కొన్ని నెలల్లో అదే ఖాళీ చేసి వెళ్తుందని, ఆ లోపు ఆ బాల్కనీ తలుపు మూసి, దీపం ఆర్పి ఉంచితే సరిపోయే సందర్భాలు చాలా ఉన్నాయని చెప్పేవాళ్లు లేరు. ఇదే శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటి నల్లమల ఎక్కితే చెంచుల రాజ్యం. కొండ అంచున తాడుకు వేలాడి ఇదే ఈగ తేనె తీస్తారు. తేనె ఉండేది పట్టు పైమూల. విశాఖపట్నం కేంద్రంగా ఉన్న కోవెల్ ఫౌండేషన్ గిరిజనులకు నేర్పింది ఆ మూలనే కోసి, పిల్లల భాగాన్ని వదలమని. వదిలిన పట్టును ఈగలు మళ్లీ కట్టుకుంటాయి, అదే కాలంలో రెండోసారి తేనె వస్తుంది. ఆ కోత తెలిసిన చేతులు మన్ననూరులో ఉన్నాయి, వాటి అవసరమున్న బాల్కనీలు తుక్కుగూడలో ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఒకే రోడ్డు, బస్సులో రెండు మూడు గంటల ప్రయాణం. పెస్ట్ కంట్రోల్ వాడికిచ్చే డబ్బు వాళ్లకిస్తే ఈగ బతుకుతుంది, తేనె కూడా చేతికొస్తుంది. ఏ మున్సిపాలిటీ అయినా ఒక ఫోన్ నంబరు పెట్టి మొదలుపెట్టగల పని ఇది.